ఆ 150 పౌండ్లు తిరిగి ఇచ్చేస్తున్నాం

మా దగ్గరికి వచ్చే పిల్లలకు, వాళ్ళ అమ్మానాన్నలకు నమస్కారం.

నెల్లూరు పొగతోటలో మా చిన్న ఆఫీసు సంగతి మీకు తెలిసిందే. వీసా కాగితాలు, టికెట్లతో పాటు మూడేళ్ళుగా విదేశాలకు వెళ్ళే పిల్లలకు అక్కడ అద్దె ఇల్లు వెతికిపెట్టే పని కూడా చేస్తున్నాం. ఆ పనిలో మా వల్ల ఒక తప్పు జరిగింది. ఇంకెవరో చెప్పేలోగా నేనే చెప్పాలి.

పోయిన నెల కోవూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. కొడుకు ఇంగ్లండ్‌లో చదువుతున్నాడు. మేమిచ్చిన బిల్లు జేబులోంచి తీసి, మడతలు విప్పి, ఒక లైను మీద వేలు పెట్టారు. అక్కడి ఏజెంట్ ఫీజు, 150 పౌండ్లు. "ఏమ్మా, ఇది ఆడ తీసుకోకూడదంట గదా? మావోడి ఫ్రెండు చెప్పినాడంట" అన్నారు. గొంతు కూడా పెంచలేదు. ఇంచుమించు పుట్టి వడ్ల డబ్బది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని అక్కడి చట్టం చదివాను. ఆయన మాటే నిజం.

ఇంగ్లండ్‌లో 2019 జూన్ 1 నుంచి టెనెంట్ ఫీజ్ యాక్ట్ అమల్లో ఉంది. ఇల్లు చూపించినందుకో, అగ్రిమెంటు రాసినందుకో, మీ వివరాలు విచారించినందుకో ఓనరు తరఫు ఏజెంటు అద్దెకు దిగేవాళ్ళ దగ్గర పైసా తీసుకోకూడదు. అక్కడ మాతో పనిచేసే ఏజెంటు అడ్మిన్ ఛార్జీ అని రాసి పంపాడు, మేం దాన్ని అలాగే మీ బిల్లులోకి దించేశాం. ఎందుకని అడగాల్సింది నేను. అడగలేదు.

మనకిది తట్టకపోవడానికి ఒక కారణం ఉంది. నెల్లూరులో బ్రోకరు ఇల్లు చూపిస్తే సగం నెల అద్దో, నెల అద్దో చేతిలో పెడతాం. ఓనరు దగ్గర కూడా తీసుకున్నా మనం పట్టించుకోం. చాలా దేశాల్లో మొదటి ప్రశ్న వేరు: ఏజెంటును పెట్టుకున్నది ఎవరు? జర్మనీలో 2015 జూన్ నుంచి ఎవరు పెట్టుకుంటే వాళ్ళే ఇచ్చుకోవాలి. మీరే పెట్టుకున్నా, హీటింగు ఖర్చులూ అవీ కలపని అసలు అద్దె రెండు నెలలకు మించి అడగడానికి లేదు, దాని మీద పన్ను మాత్రం పడుతుంది. న్యూయార్క్ సిటీలో ఏడాది అద్దెలో 12 నుంచి 15 శాతం దాకా బ్రోకరుకు పోసేవాళ్ళు. 2025 జూన్ 11 నుంచి ఓనరు పెట్టుకున్న బ్రోకరుకు ఓనరే ఇవ్వాలి. బోస్టన్ వెళ్ళే పిల్లలకూ అదే వర్తిస్తుంది, అక్కడ ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి వచ్చింది. దుబాయ్ సంగతి వేరు. అక్కడ ఏడాది అద్దెలో 5 శాతం దాకా అద్దెకు దిగేవాళ్ళే ఇవ్వడం మామూలు.

టెక్సాస్ వెళ్ళే పిల్లలు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. అపార్ట్‌మెంట్ లొకేటర్‌కు, అంటే అక్కడ ఇల్లు వెతికిపెట్టే ఏజెంటుకు, మామూలుగా కమీషన్ ఇచ్చేది ఆ కాంప్లెక్సు వాళ్ళే, మీరు కాదు. కానీ అప్లికేషన్ ఫీజు తలకింత. నలుగురు కలిసి ఉండాలనుకుంటే నలుగురూ కట్టాలి, ఇల్లు దొరక్కపోయినా అది సాధారణంగా వెనక్కి రాదు. పది చోట్ల అప్లై చేసి చూద్దాం అనుకోకండి.

ఇంగ్లండ్ లెక్క కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువమంది అక్కడికే వెళ్తున్నారు కాబట్టి. అద్దె వారానికి 150 పౌండ్లు అంటే నెలకు 600 అనుకుంటాం. కాదు. 52 వారాలతో గుణించి 12తో భాగిస్తే 650 వస్తుంది. డిపాజిట్ ఐదు వారాల అద్దె మించకూడదు, అంటే 750. ఇల్లు ఆపిపెట్టడానికి తీసుకునే హోల్డింగ్ డిపాజిట్ ఒక వారం అద్దె, 150. అగ్రిమెంటు అయితే ఇది అద్దెలో గానీ డిపాజిట్‌లో గానీ కలిసిపోవాలి. మీరే వెనక్కి తగ్గినా, తప్పుడు వివరాలు ఇచ్చినా పోతుంది. ఒకమ్మాయి రెండిళ్ళకు కట్టి ఒకటి వదులుకుంది, ఆ వారం డబ్బు ఇప్పించలేకపోయాం. అసలు డిపాజిట్‌ను ఓనరు 30 రోజుల్లోపు ప్రభుత్వం ఒప్పుకున్న స్కీములో పెట్టి, ఆ వివరాలు మీకివ్వాలి. ఆ కాగితం చేతికొచ్చే దాకా పిల్లల్ని అడుగుతూనే ఉండమనండి.

ఇక మా బిల్లు. ఇల్లు వెతికినందుకు మేం తీసుకునేది 6,000 రూపాయలు. ఓనర్ల దగ్గర గానీ అక్కడి ఏజెంట్ల దగ్గర గానీ మేం ఏమీ తీసుకోం. అద్దె, డిపాజిట్, హోల్డింగ్ డిపాజిట్ ఇకపై వేర్వేరు లైన్లలో, పౌండ్లలోనో డాలర్లలోనో, అక్కడి రసీదు జతచేసి ఉంటాయి. రసీదు లేని రూపాయి మీరు కట్టొద్దు. ఇల్లు వీడియోలో కూడా చూపించకుండా, తాళాలు కొరియర్లో పంపిస్తా ముందు డబ్బు వేయండి అనే ఓనరు ఎవరైనా తగిలితే, ఎంత చవగ్గా ఉన్నా మాకు ఫోన్ చేయండి. రాత్రి అయినా సరే.

ఆ ఏజెంట్ ఫీజు 150 పౌండ్ల చొప్పున మొత్తం 11 మంది కట్టారు. మీరు కట్టిన రోజు ఎంత రేటు పడిందో ఆ లెక్కనే రూపాయల్లో తిరిగి ఇస్తున్నాం. అక్కడి ఏజెంటు నుంచి రాబట్టుకునేది మా తలనొప్పి, మీరు ఆగక్కర్లేదు. ఏడుగురికి ఇచ్చేశాం. కోవూరు పెద్దాయన ఇంటికి నేనే వెళ్ళి ఇచ్చి వచ్చాను. మిగతా నలుగురి ఇళ్ళల్లో పాత నంబర్లు కలవడం లేదు. ఒకరిది ఆత్మకూరు, ఒకరిది కావలి, ఇద్దరిది బుచ్చిరెడ్డిపాలెం వైపు. మీకు తెలిసినవాళ్ళయితే ఒక మాట చెప్పండి. బిల్లు పోగొట్టుకున్నా పర్వాలేదు, మా పుస్తకంలో రాసి ఉంది.