ఇంటర్వెల్‌లో ఒక్క నిమిషం ఇప్పించండి: అటవీ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఉప ముఖ్యమంత్రి, అటవీ శాఖ మంత్రి పవన్ కల్యాణ్ గారికి నమస్కారాలు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. రెండెకరాల జీడి తోట, గట్టు మీద ఆరు పనస చెట్లు. పోయిన వేసవిలో మా మేనల్లుడు పట్టుబట్టి ఒక డబ్బింగ్ సినిమాకు లాక్కెళ్లాడు. అడవిలో దారి తప్పిన పదిమందిని పాములూ మొసళ్లూ ఒక్కొక్కర్నే నమిలేసే కథ. (పాము నమలదు, మింగుతుంది. ఆ సినిమాలో అదీ నమిలింది.) అబద్ధమెందుకు, భయపడ్డాను, సరదాగానే ఉంది.

వారం తిరక్కుండా చెరువు గట్టున కొండచిలువ కనబడింది. "అనకొండ, అనకొండ" అంటూ కుర్రాళ్లు ఉరికారు. నేను వెళ్లేసరికే గునపాలతో పొడిచేశారు. తల చితికిపోయింది, తోక ఇంకా కదులుతోంది. పొట్ట ఉబ్బి ఉందని కోసి చూస్తే లోపల పందికొక్కు. మా కొబ్బరి మొక్కల మొదళ్లు కొరికే పందికొక్కే! అనకొండ ఉండేది దక్షిణ అమెరికాలో. 1997లో ఆ పేరుతో హాలీవుడ్ సినిమా వచ్చాక మావాళ్లకు పెద్ద పాము ఏదైనా అనకొండే. కొండచిలువకు విషం లేదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం దాన్ని పులితో పాటు మొదటి షెడ్యూల్లోనే పెట్టింది.

మనుషుల్ని చంపేవి అంతకన్నా చిన్న పాములు. దేశంలో ఏటా 58 వేల మంది దాకా పాముకాటుకు పోతున్నారని అంచనా. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాడి పక్కలో దూరుతుంది. కరిచినా పెద్దగా నొప్పి ఉండదు, వాపు రాదు. తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. ఇది తెరకెక్కదు, అందులో అరుపే లేదు కదా. తెర మీద హీరో కాటును బ్లేడుతో కోసి, విషం పీల్చి ఉమ్ముతాడు. మావాళ్లూ అదే చేస్తారు, పైగా తాడు బిగిస్తారు. కరిచిన కాలు కదపనివ్వకుండా ప్రభుత్వాసుపత్రికి చేర్చి విరుగుడు సూది వేయించాలని చెప్పేవాళ్లేరీ?

సినిమాలో ఎలుగుబంటి మనిషిని వెతుక్కుంటూ వస్తుంది. మా తోటకైతే పనసపండు కోసం, చెదపుట్ట కోసం వస్తుంది. తిండిలో పడితే మనం దగ్గరికొచ్చేదాకా గమనించదు, గమనించిందా, ముఖం మీద పడుతుంది. 2022 జూన్‌లో మా కిడిసింగి ఊళ్లో ఎలుగు మనుషుల మీద పడినప్పుడు ఏం జరిగిందో మీ శాఖకు తెలుసు. అందుకే మా ఆడవాళ్లు తెల్లవారుజామున జీడిపిక్కలు ఏరడానికి రేకుడబ్బా వాయించుకుంటూ, గుంపుగా వెళ్తారు.

ఒకప్పుడు సినిమా హీరో అడవిని కాపాడేవాడని, ఇప్పుడు స్మగ్లింగ్ చేస్తున్నాడని 2024 ఆగస్టులో మీరు బెంగళూరులో అన్నారు. సినిమా మనిషీ అడవుల మంత్రీ మీరే గనక అడుగుతున్నాను. భయం సినిమాలు ఆపమనను, మా మేనల్లుడు నాతో మాట్లాడ్డం మానేస్తాడు. థియేటర్ల లైసెన్సులు రాష్ట్రం చేతిలోనివేగా. సినిమాటోగ్రఫీ మంత్రిగారితో ఒక మాటనుకుని, పొగాకు ప్రకటన వేసినట్టే ఇలాంటి సినిమాలకు ఇంటర్వెల్‌లో ఒక్క నిమిషం ఇప్పించండి. విషప్పాములు ఎలా ఉంటాయో, కరిస్తే ఏం చేయాలో, ఎలుగు ఎదురైతే ఏం చేయకూడదో, కింద అటవీ శాఖ ఫోన్ నంబరు. గొంతు మీదైతే కుర్రాళ్లు పాప్‌కార్న్ కోసం లేవరు.

పనసలు పండే నెల దగ్గరికొచ్చేసింది. మళ్లీ పాము కనబడితే ఫోన్ చేద్దామన్నా మా వీధిలో ఎవరి దగ్గరా ఆ నంబరు లేదు.

ఇట్లు,
ఉద్దానం జీడిరైతు