వైడ్‌స్క్రీన్ యానిమేషన్‌ను టీవీ ఫార్మాట్లకు మార్చిన తీరుపై ఫిర్యాదు

కన్వర్షన్ విభాగం మేనేజర్ గారికి,

విషయం: మా 48 నిమిషాల యానిమేషన్ చిత్రం టీవీ కాపీలను తిప్పి పంపడం, వాటిని మళ్ళీ చేసివ్వమని కోరడం గురించి.

నమస్కారం.

మీరు పంపిన రెండు కాపీలనూ, అంటే వెడల్పు-ఎత్తుల నిష్పత్తి 16:9 ఉన్న వెడల్పాటి టీవీల హెచ్‌డీనీ, 4:3 ఉన్న పాత తరహా టీవీల ఎస్‌డీనీ, మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు చూశాను. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి కాగితం పక్కన పెట్టుకుని టైమ్‌కోడ్‌తో సహా తప్పులు రాసుకున్నాను. మూడోసారి మా టీమ్ అందరినీ కూర్చోబెట్టి చూపించాను. ఈ కాపీలను మేం ఒప్పుకోవడం లేదు, ఛానల్‌కి పంపడం లేదు. ఎందుకో వివరంగా రాస్తున్నాను. దయచేసి పూర్తిగా చదవండి.

ముందు ఒక్క షాట్ సంగతి చెప్తాను. పదిహేడో నిమిషంలో రాత్రి ఏట్లో పడవ వస్తుంది. ఎడమ చివర అమ్మమ్మ తెడ్డు పట్టుకుని ఉంటుంది, కుడి చివర మనవరాలు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. ఇద్దరికీ మాటల్లేవు. వాళ్ళ మధ్య ఉన్న ఆ ఖాళీ కోసమే సినిమా మొత్తం 2.39:1లో, అంటే ఎత్తుకు 2.39 రెట్ల వెడల్పుతో, తీశాం. షాట్ 12 సెకన్లు, 288 ఫ్రేములు. మా యానిమేటర్ దాని మీద మూడు వారాలు కూర్చున్నారు. మీ 4:3 కాపీలో ఆ పడవ నడుము మాత్రమే మిగిలింది. మూడు చెక్కలు, ఒక తాడు చుట్ట, ఎడమ అంచున అప్పుడప్పుడూ కనబడి మాయమయ్యే తెడ్డు కొస. అమ్మమ్మ దగ్గు వినిపిస్తుంది, అమ్మాయి ముక్కు ఎగబీల్చడం వినిపిస్తుంది, మనుషులు మాత్రం లేరు. తొమ్మిదో సెకనులో అమ్మాయి తన దుప్పటి అంచును అమ్మమ్మ వైపు తోస్తుంది. కథ మలుపు తిరిగేది అక్కడే. మీ కాపీలో ఆ దుప్పటి దానంతట అదే ఎక్కడి నుంచో జారి వస్తుంది.

ఈ షాట్ గురించి ఫోన్ చేస్తే మీ సిబ్బందిలో ఒకరు, "వైడ్ సినిమా 4:3కి వచ్చినప్పుడు పక్కలు పోవడం మామూలేనండీ, టీవీలో ఎవరూ గమనించరు" అన్నారు. కెమెరాతో తీసిన సినిమాల విషయంలో చాలావరకు అంతే కావచ్చు. నెగటివ్ మీద పడినదే ఉంటుంది, దాన్ని కత్తిరించడమో, పాన్ అండ్ స్కాన్ (కత్తిరించే చట్రాన్ని బొమ్మ మీద అటూ ఇటూ జరపడం) చేయడమో, పైనా కిందా నల్లపట్టీలు పెట్టడమో తప్ప దారి ఉండదు. కానీ మాది కంప్యూటర్‌లో కట్టిన సినిమా. పడవ ఒక ఫైల్, అమ్మమ్మ ఒక ఫైల్, అమ్మాయి ఒక ఫైల్. కెమెరాను వెనక్కి జరపొచ్చు, మనుషుల్ని కాస్త దగ్గరికి చేర్చొచ్చు, మళ్ళీ రెండర్ చేయొచ్చు, అంటే ఆ ఫైళ్ళ నుంచి ఫ్రేములను కంప్యూటర్‌తో కొత్తగా తయారు చేయించొచ్చు. ఇదేం కొత్త విద్య కాదు. 1998లో వచ్చిన తన మొదటి 2.35:1 వైడ్‌స్క్రీన్ సినిమా 'ఎ బగ్స్ లైఫ్'ను పిక్సార్ 4:3 వీడియోకి మార్చినప్పుడు, కొన్ని షాట్లలో పాత్రల్ని జరిపి, కొన్నింట్లో ఫ్రేమ్‌ను పైకీ కిందకీ పెంచి మళ్ళీ రెండర్ చేసింది. అంత పెద్ద పని మిమ్మల్ని సినిమా అంతటికీ అడగలేదు. 37 షాట్లకు మాత్రమే అడిగాం. ఆ 37 షాట్ల సీన్ ఫైళ్ళు, విడి లేయర్లు, ఏ షాట్‌లో ఏది తప్పక కనిపించాలో రాసిన షీటు, అన్నీ మీకిచ్చిన హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి. మీరు సంతకం పెట్టిన వర్క్ ఆర్డర్‌లో కూడా "షాట్‌వారీగా రీఫ్రేమింగ్, అవసరమైన చోట రీరెండర్" అని, అంటే ఒక్కో షాట్‌లో ఏ భాగం ఉంచాలో విడిగా చూసి కత్తిరించాలని, స్పష్టంగా ఉంది. మీరు చేసింది ఆటోమేటిక్ సెంటర్ క్రాప్, అంటే ప్రతి ఫ్రేమ్‌లో మధ్య భాగం ఉంచి పక్కలు కోసేయడం. 37 షాట్లలో ఒక్కటి కూడా తెరిచిన గుర్తు లేదు.

అంతకంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది హెచ్‌డీ కాపీ. దాంట్లో అసలు ఏమీ కత్తిరించక్కర్లేదు. టీవీకి వెళ్ళాల్సి వస్తుందని ముందే అనుకుని, ప్రతి షాట్‌నూ 2048×1152 పిక్సెళ్ళలో రెండర్ చేసుకున్నాం. అది సరిగ్గా 16:9. థియేటర్ ఫ్రేమ్ అందులో మధ్యనున్న 858 అడ్డగీతలే (పిక్సెళ్ళ వరసలే). పైన ఆకాశం, కింద నీళ్ళు, గదుల్లో పైకప్పులు, ఇవన్నీ థియేటర్‌లో ఎవరూ చూడకపోయినా టీవీ కోసమే ఓపిగ్గా కట్టాం. ఆ ఫ్రేములను 1920×1080కి కుదిస్తే చాలు, మనుషులెవరూ తెగరు, బొమ్మ స్పష్టంగా ఉంటుంది. మీరు ఆ ఫోల్డర్‌ను వదిలేసి, రిఫరెన్స్ కోసం ఇచ్చిన 2048×858 థియేటర్ కాపీని తీసుకున్నారు. దాని నుంచి 16:9 కోయాలంటే వెడల్పులో 1525 పిక్సెళ్ళే మిగులుతాయి, నాలుగో వంతు పోతుంది. మిగిలినదాన్ని మళ్ళీ 1080 గీతలకు సాగదీయాలి, అంటే దాదాపు ఒకటింబావు రెట్లు. అందుకే మొహాలన్నీ మసకగా ఉన్నాయి. అదే థియేటర్ కాపీ నుంచి 4:3 కోసేసరికి 2048లో 1144 పిక్సెళ్ళే మిగిలాయి. నూటికి 44 వంతుల బొమ్మ చెత్తబుట్టలో పడింది.

ఇంకొన్ని తప్పులు ఉన్నాయి. ఎస్‌డీలో 720×576 ఫ్రేమ్ పిక్సెళ్ళు చదరంగా ఉండవు, టీవీ మీద కాస్త వెడల్పుగా పరుచుకుంటాయి. ఆ లెక్క 11 షాట్లలో వేయలేదు, చంద్రుడు అడ్డంగా సాగిపోయాడు. కంప్యూటర్ 0 నుంచి 255 దాకా వాడే వెలుగు స్థాయిలను టీవీ కోసం 16-235 మధ్యకు తేవాలి. అది చేయకపోవడంతో రాత్రి సీన్లలో నీటి ముదురు నీలాలన్నీ నల్లగా ముద్దకట్టాయి. పడవ చెక్కల మధ్య సన్నటి గీతలు ఇంటర్‌లేస్ టీవీలో (సరి, బేసి గీతలను మార్చి మార్చి చూపే టీవీలో) అదేపనిగా మినుకుమంటున్నాయి. కంప్యూటర్ బొమ్మల అంచులు మరీ పదునుగా ఉంటాయి కాబట్టి నిలువుగా కొద్దిపాటి బ్లర్ వేయాలన్నది ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన విషయం. ఇవేవీ కంప్యూటర్ మానిటర్ మీద తెలియవు. అందుకే మా ఆఫీసులో ఒక పాత పిక్చర్ ట్యూబ్ టీవీని ఇప్పటికీ ఉంచుకున్నాం. మీ దగ్గర పంపే ముందు ఎవరైనా ఒక్కసారి టీవీలో వేసి చూశారా?

ధ్వని సంగతి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను టీవీ కోసం 25కి నడిపితే 48 నిమిషాలు కాస్తా 46 నిమిషాల 5 సెకన్లవుతుంది. దానికి మేం ఒప్పుకున్నాం. కానీ వేగం 4 శాతం పెరిగితే శ్రుతి కూడా ముప్పావు సెమిటోన్‌కి (సెమిటోన్ అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం) దగ్గరగా పైకి పోతుంది, దాన్ని సరిచేస్తామని రాసిచ్చారు. చేయలేదు. అమ్మమ్మ జోలపాట పాడిన పెద్దావిడకు వినిపిస్తే, "ఇది నా గొంతు కాదమ్మా" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

చివరి టైటిల్స్ విషయంలో మా టీమ్‌కి నిజంగా కోపం వచ్చింది. ఎడమవైపు పని, కుడివైపు పేరు. 4:3లో పేర్లన్నీ సగానికి తెగాయి. కొందరి ఇంటిపేరు తప్ప ఏమీ మిగల్లేదు. టైటిల్స్‌ను విడిగా, సెకనుకు 50 ఫీల్డ్స్‌లో (ఫీల్డ్ అంటే ఫ్రేమ్‌లోని సరి లేదా బేసి గీతల సగం), సేఫ్ ఏరియా (టీవీ అంచుల్లో తెగిపోని భాగం) లోపలే ఉండేలా రెండు ఫార్మాట్లకూ చేసి ఇచ్చాం. 4:3కి మీరు దాన్ని వాడనే లేదు. హెచ్‌డీలో వాడారు గానీ ఫీల్డ్ ఆర్డర్ తిరగేశారు, అంటే ముందు రావాల్సిన సగం వెనక వచ్చింది. అక్షరాలు పైకి పోతూ మళ్ళీ వెనక్కి దిగుతూ వణికిపోతున్నాయి, చదవడానికి లేదు. రెండేళ్ళు పనిచేసినవాళ్ళకు తమ పేరు టీవీలో ఇంట్లోవాళ్ళకు చూపించుకునే అవకాశం ఇదొక్కటే.

మాకు కావలసింది ఇది. హెచ్‌డీ కాపీని 2048×1152 ఫ్రేముల నుంచి మొదటి నుంచీ కొత్తగా చేయాలి. 4:3కి కూడా అవే ఫ్రేములు వాడాలి, అప్పుడు వెడల్పులో 1536 పిక్సెళ్ళు దక్కుతాయి. మిగతా షాట్లను షీటు ప్రకారం ఒక్కొక్కటిగా రీఫ్రేమ్ చేసి, ఆ 37 షాట్లను సీన్ ఫైళ్ళ నుంచి మళ్ళీ రెండర్ చేయాలి. నిశ్చలంగా ఉండాల్సిన షాట్లలో కెమెరా పాన్‌లు కొత్తగా కల్పించవద్దు. పైనా కిందా నల్లపట్టీలు పెట్టే లెటర్‌బాక్స్‌తో సరిపెడతామన్న మీ ప్రతిపాదన కుదరదు. 576 గీతల్లో బొమ్మకి దాదాపు 320 గీతలే దక్కుతాయి, పైగా 4:3 కాపీలో నల్లపట్టీలు వద్దని ఛానల్ ముందే చెప్పింది. ఆ సంగతి కూడా వర్క్ ఆర్డర్‌లో ఉంది. వెలుగు స్థాయిలు, శ్రుతి, టైటిల్స్ సరిచేశాక రెండు కాపీలనూ ఇంటర్‌లేస్ టీవీ మీద పూర్తిగా చూసి, చూసినవారి సంతకంతో రిపోర్టు పంపాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో అదనపు చార్జీ లేకుండా ఇది చేసివ్వాలి. చేయలేమనుకుంటే వారంలోపు ఆ మాట రాతపూర్వకంగా చెప్పి, కట్టిన సొమ్ము మొత్తం, మా హార్డ్‌డిస్క్ తిప్పి పంపండి. మేం మరోచోట చేయించుకుంటాం. రెండూ జరగకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళక తప్పదు.

షాట్ల వారీగా తప్పుల పట్టిక, రెండు కాపీల నుంచి తీసిన ఫ్రేములు, వర్క్ ఆర్డర్ నకలు ఈ లేఖతో జతచేశాను. పడవ షాట్ మొదలుపెట్టే ముందు మాత్రం దయచేసి నాకు ఫోన్ చేయండి. అది చేసిన యానిమేటర్ మీవాళ్ళ పక్కన కూర్చుని చూపించడానికి సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
చిత్ర దర్శకురాలు