ఎండాడ ఎక్కుడుకి 34 పళ్ళ ఫ్రీవీల్

అందరికీ నమస్కారం. విశాఖలో హనుమంతవాక దాటి ఎండాడ వైపు రోజూ ఆఫీసుకి తొక్కే 7 గేర్ల సైకిళ్ళవాళ్ళ కోసం ఇది.

ముందున్న చైన్‌వీల్ (పెడల్ దగ్గరి పెద్ద పళ్ళ చక్రం) జోలికి వెళ్ళకండి. తక్కువ ధర సైకిళ్ళలో అది క్రాంక్‌కి, అంటే పెడల్ కడ్డీకి, రివెట్ చేసి ఉంటుంది, మార్చాలంటే సెట్ మొత్తం కొనాలి. వెనక చక్రం మీది 14-28 ఫ్రీవీల్ (ఏడు పళ్ళేల గుత్తి; అంకెలు అతి చిన్న, అతి పెద్ద పళ్ళేలకి ఉన్న పళ్ళు) తీసి షిమానో 14-34 వేయించండి. మొదటి ఆరు పళ్ళెం సైజులూ అవే. చివరిది మాత్రమే 28 నుంచి 34 అవుతుంది. ముందు చైన్‌వీల్‌కి 44 పళ్ళు ఉంటే, ఆ చివరి గేర్‌లో పెడల్ ఒక చుట్టుకి సుమారు 3.3 మీటర్లు వెళ్ళే సైకిల్ 2.7 మీటర్లే వెళ్తుంది, కాలి మీద బరువు దాదాపు 18 శాతం తగ్గుతుంది. పల్లంలో వేగం ఏమీ పోదు.

తప్పు జరిగేది చైన్ దగ్గరే. పాత చైన్ పొట్టిదైతే, పెద్ద పళ్ళెం మీదికి వెళ్ళగానే డీరైలర్‌ని (గేర్ మార్చే వెనక భాగం) లాగేసి, అది వేలాడే హ్యాంగర్ విరిచేస్తుంది. కొత్త చైన్ తీసుకుని, డీరైలర్‌లోంచి పోనివ్వకుండా ముందూ వెనకా పెద్ద పళ్ళేల మీద చుట్టి, కలిసిన చోటు నుంచి రెండు లింకులు ఎక్కువ ఉంచి కోయించండి. అరిగిన పాత చైన్ ఎలాగూ కొత్త పళ్ళని త్వరగా అరగదీస్తుంది. డీరైలర్ 34 వరకూ పనిచేసేదో కాదో ముందే అడగండి, కొన్ని 28 దాటవు. డీరైలర్ పై చిన్న చక్రం పళ్ళకి రాసుకుంటుంటే, దాన్ని దూరం జరిపే బీ-స్క్రూ బిగించాలి.

ఆరో పళ్ళెం 24 నుంచి చివరి 34కి దూకుడు పెద్దది. ఎక్కుడు మొదలవకముందే, కాలు తేలిక చేసి మార్చండి.