మేయర్సన్ హాల్‌కి ఇంకో ఇద్దరు ముగ్గురు కావాలి

అందరికీ నమస్కారం. డాలస్ సింఫనీ ఆర్కెస్ట్రా వాళ్లు మేయర్సన్ హాల్లో స్కూలు పిల్లలకి చేసే కచేరీలకు సాయం వెళ్దామా అని అడిగాను కదా, నలుగురే సరేనన్నారు. వీకెండ్ కాదు, పని రోజు పొద్దున. అదే ఇబ్బంది, తెలుసు.

సంగీతం రాకపోయినా ఫర్వాలేదు, నాకు సరిగమలే సరిగా రావు. బస్సులు దిగిన పిల్లల్ని సీట్లలో కూర్చోబెట్టడం, బాత్‌రూమ్ అన్నవాళ్లకి దారి చూపడం, అంతే. 2,000కి పైగా సీట్లున్న హాలు కాబట్టి మొదటి అరగంట కాస్త టెన్షనే. వేదిక వెనక ఆర్గన్ ఉంటుంది, గొట్టాల్లోంచి గాలి ఊది మోగించే పెద్ద వాయిద్యం, దానికి 4,535 గొట్టాలు. దాన్ని చూడగానే అల్లరి పిడుగులు కూడా నోరు తెరుచుకుని నిలబడిపోతారు.

ఒక్క మాట. మన కచేరీల్లోలా తొడమీద తాళం వేయడం, 'భేష్' అనడం ఇక్కడ కుదరదు. సింఫనీ అంటే కొన్ని భాగాలుగా ఉండే పెద్ద రచన, అందులో ఒక భాగం అయ్యాక వాయిద్యాలు ఆగితే చప్పట్లు కొట్టకండి, ఇంకా ఉంటుంది. కిందటేడు సాయంత్రం కచేరీలో నేనొక్కదాన్నే కొట్టి, సిగ్గుతో చచ్చిపోయాను.

ప్లేనో వాళ్లు రెడ్ లైన్ రైలెక్కి పెర్ల్ ఆర్ట్స్ డిస్ట్రిక్ట్ స్టేషన్‌లో దిగితే నడిచేంత దూరమే, పార్కింగ్ గొడవ ఉండదు. వచ్చేవాళ్లు శుక్రవారంలోగా ఇక్కడే పేరు పెట్టండి. పులిహోర నేను తెస్తాను.