ఆ 10 శాతం దేనిలో?

సంపాదకుడు గారికి,

హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే రేడియో) గురించి మీ సైన్స్ పేజీలో ఈసారి రాయించినప్పుడు, యాంటెన్నాలతో పాటు రేడియో ఎన్ని వాట్లు పంపుతోందో చూపే పవర్ మీటర్ల మీద కూడా నాలుగు ముక్కలు రాయించండి. కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్ళు నాలా బోల్తా పడకుండా ఉంటారు.

నా రిగ్ (రేడియో సెట్టు) 5 వాట్లది. చవగ్గా వస్తోందని 200 వాట్ల స్కేలున్న మీటరు కొన్నాను. పెట్టె మీద ‘తేడా 10 శాతం లోపే’ అని ఉంది. తీరా పెడితే ముల్లు 2 వాట్ల దగ్గరే ఆగిపోయింది. రిగ్ పోయిందన్న టెన్షన్‌తో మూత విప్పి రెండు రాత్రులు కూర్చున్నాను. దానికి ఏ రోగమూ లేదు! ఆ 10 శాతం నేను పంపే పవర్‌లో కాదు, ఫుల్ స్కేల్లో. అంటే 20 వాట్లు. లారీలు తూచే కాటా మీద ఉంగరం పెట్టి మురిసిపోయాను. పేరుమోసిన బర్డ్ 43 మీటరుకి చెప్పే 5 శాతం కూడా ఫుల్ స్కేల్లోనే. అందుకే పవర్‌ను బట్టి, బ్యాండ్‌ను బట్టి దానిలో ఎలిమెంట్ (కొలిచే బిళ్ళ) మారుస్తారు.

చివరికి నన్ను గట్టెక్కించింది సొంతంగా టంకం పెట్టుకున్న డమ్మీ లోడ్, అంటే యాంటెన్నా బదులు తగిలించి పవర్‌ను వేడిగా మార్చే రెసిస్టర్ల కట్ట. అర వాటు, 1 కిలో ఓమ్ కార్బన్ ఫిల్మ్ రెసిస్టర్లు 20 సమాంతరంగా కలిపితే 50 ఓమ్‌లు. వైర్‌వౌండ్‌వి మాత్రం వద్దు, వాటిలో ఉండేది తీగచుట్టే, రేడియో తరంగాల దగ్గర లెక్క తప్పిస్తుంది. తరంగం పీక్ వోల్టేజీ కొలవడానికి ఒక షాట్కీ డయోడ్, చిన్న కెపాసిటర్, మామూలు మల్టీమీటర్ చాలు. క్యారియర్ (మాటలు లేని ఉత్త తరంగం) వదిలితే 21.9 వోల్టులు చూపింది. డయోడ్ మింగిన 0.3 కలిపితే 22.2. దాన్ని దానితోనే గుణించి 100తో (పీక్ వోల్టేజీ కాబట్టి 50 ఓమ్‌లకు రెట్టింపు) భాగిస్తే 4.9 వాట్లు. నా రిగ్ నిక్షేపంగా ఉంది.

కొనేవాళ్ళు తమ పవర్ స్కేలు మధ్యకైనా వచ్చే మీటరే చూసుకోవాలి. షార్ట్‌వేవ్ మీటరును 144 మెగాహెర్ట్జ్ దగ్గర నమ్మొద్దు. సింగిల్ సైడ్‌బ్యాండ్ (మాటను బట్టి పవర్ పెరిగి తగ్గే పద్ధతి)లో మాట్లాడేటప్పుడు ముల్లు సగం కూడా లేవట్లేదని కంగారు పడొద్దు, మామూలు మీటరు మాటల సగటునే చూపిస్తుంది, పీక్‌ను కాదు.

నా పాత మీటరు ఇప్పుడు 100 వాట్ల రిగ్ ఉన్న మిత్రుడి దగ్గరుంది. 100కి బదులు 80 చూపించినా తేడా ఒక్క డెసిబెల్, అవతల వినేవాడికి తెలియను కూడా తెలియదు. వాడికి దాని మీద ఒక్క ఫిర్యాదూ లేదు.

ఇట్లు,
ఒక హామ్ ఆపరేటర్