నా గుట్టు బయటపడకుండా నా ఇల్లు నాకు ఇప్పించినవాళ్లకు

చాలా రోజులుగా ఈ నాలుగు మాటలు రాయాలనుకుంటున్నాను. నా పేరూ, ఊరూ రాయడం లేదు. పాప హైస్కూల్లో చదువుతోంది, దాని కోసం. సాయం చేసినవాళ్ల పేర్లు కూడా రాయను, రాస్తే వాళ్లను బట్టి నేనెవరో ఇట్టే తెలిసిపోతుంది. చదివితే వాళ్లకు మాత్రం తమ గురించేనని అర్థమవుతుంది. గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌన్ మాది.

నాకు హెచ్ఐవి ఉంది. మా ఆయన పోయాక అత్తవారింట్లో ముందు నా కంచం, గ్లాసు వేరు చేశారు. తర్వాత బాత్రూమ్‌కు తాళం పడింది. దినకార్యాలు అయిపోయాక బట్టలు సర్దుకోమన్నారు. వాళ్లను తిట్టడానికి ఇది రాయడం లేదు, ఇవాళ మళ్లీ ఒకే ఆవరణలో ఉంటున్నాం. కానీ ఆ రోజుల్లో పాపను వెంటబెట్టుకుని ఎక్కడికి పోవాలో తెలియక పడిన టెన్షన్ పగవాళ్లకు కూడా వద్దు. ఒక చోట అద్దెకు కుదిరింది. ఎవరో చెవిన వేశారట, ఓనరు మర్నాటికి మాట మార్చేశాడు.

మొదటి దండం హెచ్ఐవి మందులిచ్చే మా ఏఆర్‌టీ సెంటర్ కౌన్సెలర్ గారికి. మందుల తేదీకి వెళ్లినప్పుడు నా చేతిలో బట్టల సంచి చూసి ఆవిడే కూర్చోబెట్టి అడిగారు. అప్పటికప్పుడు ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేసి, కష్టంలో ఉన్న ఆడవాళ్లకు కొన్నాళ్లు నీడనిచ్చే సఖి సెంటర్లో మాకు చోటు చూశారు. అక్కడి వాళ్లకు 'ఇంట్లో సమస్య, చిన్నపిల్ల ఉంది' అని మాత్రమే చెప్పారు. అంతకు మించి చెప్పాల్సిన అవసరమూ లేదు. ఆవిడ ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే: "మాట్లాడొచ్చా అమ్మా, పక్కన ఎవరైనా ఉన్నారా?" నేను తర్వాత చేస్తానంటే ఇంకొక్క మాట అడగకుండా పెట్టేసేవారు. మాలాంటివాళ్లకు ఆ మాట ఎంత ధైర్యమో అనుభవిస్తే గానీ తెలియదు.

సఖి సెంటర్లో ఉండనిచ్చేది ఐదు రోజులే. ఆ తర్వాత తన ఒంటి గదిలో మాకు చోటిచ్చిన అక్కకు ఏం చెప్పను? ఆవిడా మందులు వాడుతున్న మనిషే. తన మంచం పాపకిచ్చి తను కింద చాప వేసుకుని పడుకుంది. అక్కా, నీ రుణం ఈ జన్మలో తీరదు.

నన్ను జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకెళ్లింది కూడా ఆ అక్కే. కోర్టు ఆవరణలోనే ఉంటుంది ఆ ఆఫీసు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. నాకు వచ్చిన లాయరమ్మ చాలా ఓపికగా చెప్పారు. 2017లో చేసిన హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉందట. అందులో 29వ సెక్షన్ ప్రకారం మనం కాపురం చేసిన ఇంట్లోంచి మనల్ని వెళ్లగొట్టకూడదు. ఫలానా గదిలోకి రావద్దు, ఫలానా కుళాయి ముట్టుకోవద్దు అనడానికీ వీల్లేదు. ఈ హక్కు హెచ్ఐవి ఉన్నవాళ్లకే కాదు, వాళ్లతో కలిసి ఉండేవాళ్లకు కూడా ఉంది, అంటే మా పాపకు కూడా. జబ్బు పేరు చెప్పి ఇల్లు అద్దెకు ఇవ్వననడం కూడా ఆ చట్టం ప్రకారం తప్పే.

నాకు అప్పుడు ఇంకో భయం పట్టుకుంది. కేసంటే కాగితాలు, కాగితాలంటే పదిమంది చేతులు. లాయరమ్మ నా మొహం చూసి కనిపెట్టేశారు. "రెండు దారులున్నాయమ్మా. ఈ చట్టం కింద వెళ్తే నీ అసలు పేరు బయటికి రాకుండా వేరే పేరుతో నడపమని కోర్టును అడగొచ్చు. 2005 గృహహింస చట్టం కింద వెళ్తే జబ్బు ప్రస్తావనే అక్కర్లేదు, కోడలిగా ఆ ఇంట్లో ఉండే హక్కు నీకుంది. అసలు కేసు దాకా పోకుండా ముందు పిలిపించి మాట్లాడదాం" అన్నారు. ఆ రాత్రి కంటినిండా నిద్రపోయాను.

తలుపు వేసిన గదిలో మాట్లాడించారు. కౌన్సెలర్ గారు వచ్చి మా వాళ్లకు వివరంగా చెబితే బాగుంటుందని అందరం అనుకున్నాం. కానీ నా దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకున్నాకే ఆవిడ నోరు విప్పారు. అత్తగారు అడిగిన ప్రతి ప్రశ్నకూ విసుక్కోకుండా జవాబు చెప్పారు. కలిసి తింటే రాదు, ఒకే బాత్రూమ్ వాడితే రాదు, ముట్టుకుంటే రాదు, దోమ కుడితే రాదు. "మరి పిల్ల సంగతి?" అంది అత్తగారు. పాపకు పరీక్షలన్నీ చేశారు, నెగటివ్ అని నేనే చెప్పాను. ఆ మాటకు ముసలావిడ కళ్లు తుడుచుకుంది. అంతవరకు మనవరాలికి కూడా ఉందనుకునే దూరం పెట్టిందట.

వెనక వాటాలో రెండు గదులు, బాత్రూమ్, కుళాయి మావి అని రాసుకున్నాం. లోక్ అదాలత్‌లో అవార్డు ఇచ్చారు. అది కోర్టు డిక్రీతో సమానం. ఆ కాగితంలో ఎక్కడా జబ్బు పేరు లేదు, రేపు పాప పెళ్లి సంబంధాలప్పుడు ఎవరు చూసినా భయం లేదు. లాయరమ్మా, మీకు ఫీజు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. పండక్కి అరిసెలు తెచ్చినప్పుడైనా కాదనకండి.

ఇక మా వార్డు సచివాలయంలో సంక్షేమం పని చూసే తమ్ముడు. మన రాష్ట్రంలో ఏఆర్‌టీ మందులు వాడేవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 రూపాయల పింఛను ఉంది. 2024లో పెంచక ముందు 3,000 ఉండేది. ఆ పని మీద వెళ్లిన రోజు నా వెనక మా వీధివాళ్లే నిలబడి ఉన్నారు. గుండె దడదడలాడింది. ఆ అబ్బాయి నా కాగితాలు చూశాడు. పింఛను రకాలు రాసి ఉన్న చోట పెన్ను మొన పెట్టి, తలెత్తకుండా, "ఇదేనా అమ్మా?" అన్నాడు. నేను తలూపాను. అంతే, టిక్కు పెట్టి కాగితం బోర్లించేశాడు. వెనకున్నవాళ్లు వితంతు పింఛను అనుకున్నారు. నాయనా, ఆ పద్ధతి నీకు ఎవరు నేర్పారో గానీ వాళ్లకూ దండం. డబ్బు నేరుగా నా బ్యాంకు ఖాతాలో పడుతోంది. పాలు, గుడ్లు, పాప ట్యూషన్ దాంతోనే గడుస్తున్నాయి.

మందులిచ్చే ఫార్మసీ అన్నయ్యను మరిచిపోతే పాపం. డబ్బాలను పాత పేపర్లో చుట్టి, సంచిలో గలగలమనకుండా సర్ది చేతికిస్తాడు.

2004 నుంచి ప్రభుత్వం ఈ మందులు ఉచితంగా ఇస్తోంది. మన రాష్ట్రంలో హెచ్ఐవితో ఉన్నవాళ్లు 3 లక్షల పైమాటే అంటారు. అందులో ఎంతమంది పింఛను ఉందని తెలిసి కూడా, నలుగురికీ తెలిసిపోతుందన్న భయంతో సచివాలయం గడప తొక్కలేదో! అందుకే ఇంత వివరంగా రాశాను. సమాచారం కావాలంటే 1097కి చేయండి, పేరు చెప్పక్కర్లేదు. ఉచిత లాయర్ కోసం 15100. తెలంగాణలో ఉన్న అక్కచెల్లెళ్లకు ఆసరా పింఛన్లలో మనవాళ్లకు కూడా ఉంది, 2,016 రూపాయలు. మీ సెంటర్లో అడగండి.

మాకు ఇంకా అంత్యోదయ కార్డు, అంటే బాగా పేదవాళ్లకిచ్చే రేషన్ కార్డు పని మిగిలి ఉంది. హెచ్ఐవి ఉన్న పేద కుటుంబాలను అందులో చేర్చాలని 2009లోనే కేంద్రం చెప్పింది, నెలకు 35 కిలోల బియ్యం వస్తాయి. దరఖాస్తు పెట్టాను. కౌన్సెలర్ గారూ, వచ్చే మందుల తేదీకి ఆ రసీదు కూడా తెస్తాను, ఒకసారి చూసి పెట్టండి.