మసక వెలుతురులో డ్రోన్ జారిపోవడంపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం వారికి,

విషయం: గోడకు తగిలి విరిగిన డ్రోన్‌కు వారంటీ నిరాకరించడం

అయ్యా,

మీ చిన్న డ్రోన్ కొని రెండు నెలలైంది. పగటిపూట దానికి వంక పెట్టడానికేమీ లేదు. రిమోట్ మీది స్టిక్స్ వదిలేస్తే ఉన్నచోటే నిలబడుతుంది. పోయిన వారం చీకటి పడే వేళ ఇంటి వెనక ఎగరేశాను. స్టిక్స్ వదిలేసినా మెల్లగా పక్కకి జారడం మొదలుపెట్టింది. వెనక్కి లాగేలోపే గోడకి తగిలి పడింది. ఒక ఆర్మ్ విరిగింది. కాసేపటి ముందు వరకూ పిల్లలు ఆ గోడ దగ్గరే ఆడుకున్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గానే ఉంది.

మీ సర్వీస్ సెంటర్ ఫ్లైట్ లాగ్ (డ్రోన్ ఎగిరినప్పటి రికార్డు) చూసి ‘పైలట్ పొరపాటు’ అని తేల్చి వారంటీ ఇవ్వనంది. నేను ఒప్పుకోను.

ఈ మోడల్‌లో జీపీఎస్ లేదు. పక్కకి జారుతున్నానా లేదా అన్నది తెలియడానికి దానికున్న ఆధారం కింది వైపు చూసే చిన్న కెమెరా ఒక్కటే. నేల మీది గీతలు, మచ్చలు ఒక ఫ్రేమ్ నుంచి ఇంకో ఫ్రేమ్‌కి ఎంత జరిగాయో చూసి, ఆ మేరకు తనను తాను సర్దుకుంటుంది. వెలుతురు తగ్గితే ఆ గీతలు కనపడవు. జైరో, యాక్సిలరోమీటర్ అనే సెన్సర్లు దాన్ని ఒరిగిపోకుండా కాస్తాయి, బారోమీటర్ ఎత్తు చూసుకుంటుంది. గాలి పక్కకి తోస్తుంటే మాత్రం ఇవేవీ ఆపలేవు.

నా అనుమానం తీరడానికి స్నేహితుడి దగ్గరున్న ఇదే మోడల్‌ని గదిలో ఎగరేసి చూశాం. లైట్లన్నీ వేస్తే కదల్లేదు. ఒక్క బెడ్ లైట్ ఉంచితే గోడవైపు జారింది. అదే మసకలో టేబుల్ ల్యాంప్‌ని నేల మీదికి తిప్పగానే మళ్లీ నిలబడింది! గళ్ల దుప్పటి పరిచిన చోట ఇంకా బాగా నిలబడింది, ఏ గీతా లేని తెల్లటి టైల్స్ మీద అంతగా నిలవలేదు. లోపం నా చేతుల్లో ఉంటే ల్యాంప్ తిప్పినందుకే ఎలా సరవుతుంది?

జీపీఎస్ లేని చిన్న డ్రోన్‌కి చీకట్లో ఈ ఇబ్బంది ఉంటుందని నాకూ తెలుసు. అది మీ తప్పు అనడం లేదు. దాన్ని దాచడం తప్పు. మీ అట్టపెట్టె మీద సంధ్యవేళ ఆకాశంలో నిలబడ్డ డ్రోన్ బొమ్మ వేశారు. ‘ఏ వేళైనా స్థిరమైన హోవర్’ అని రాశారు. మాన్యువల్‌లో ‘తగినంత వెలుతురు ఉండాలి’ అన్న ఒక్క ముక్కే ఉంది. కొన్ని కంపెనీలు వెలుతురు 15 లక్స్ (వెలుతురు కొలిచే యూనిట్) కంటే ఎక్కువ ఉండాలని అంకెతో సహా రాస్తాయి. మీ యాప్ అయితే కింది కెమెరాకి నేల కనపడటం మానేసినా ఒక్క హెచ్చరిక ఇవ్వలేదు. అది వచ్చి ఉంటే ఆ క్షణమే దించేసేవాణ్ణి.

డ్రోన్‌ని ఉచితంగా బాగుచేయండి, లేదా మార్చి ఇవ్వండి. టేకాఫ్‌కి ముందూ, ఎగురుతున్నప్పుడూ వెలుతురు చాలకపోతే యాప్ హెచ్చరించేలా అప్‌డేట్ తీసుకురండి. పెట్టె మీది ఆ మాట తీసేయండి. నా ఫ్లైట్ లాగ్ కాపీ కూడా పంపండి. కింది కెమెరా ఏ నిమిషంలో పనిచేయడం మానేసిందో అందులో ఉండాలి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ కస్టమర్